మొహం లేని మధ్యవర్తి

పోయిన వారం మనం జాహ్నవిని బంగారుపాళ్యం మామిడి మండీలో, వాళ్ళ నాయన గంగాధరం కూర్చునే గదిలో, ఫోన్ వంక కొరకొరా చూస్తుండగా వదిలి వచ్చాం. మనకైతే వారం గడిచింది గానీ ఆ పిల్లకు గడిచింది ఐదు నిమిషాలే. కోపం ఇంకా పొయ్యి మీదే ఉంది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. ‘దుర్గరణం’ అనే ఫోన్ ఆటలో జాహ్నవి, తిరుపతి రూపశ్రీ, సూళ్లూరుపేట ఐశ్వర్య ముగ్గురూ ఒక జట్టు. జట్టు పేరు ‘తోతాపురి’, మామిడి రకం పేరే. ఆ పేరు విని నవ్వినవాళ్ళంతా వాళ్ళ చేతిలో ఓడాక నవ్వడం మానేశారు. ఏడాదిపాటు చదువులూ ఉద్యోగాలూ చూసుకుంటూనే ఆడి, పెద్ద పోటీ ఒకటి గెలిచి ‘అగ్నికవచం’ సంపాదించారు. ఆట మొత్తంలో అలాంటివి పదకొండే ఉన్నాయి. ముగ్గురి సొత్తూ అయిన ఆ కవచాన్ని జాహ్నవి ఖాతాలో దాచారు, ముగ్గురిలోకీ నిదానస్తురాలు ఆమేనని. ఆ నిదానస్తురాలే మూడు రోజుల కిందట దాన్ని తీసుకెళ్ళి ఒక మధ్యవర్తి చేతిలో పెట్టింది. ఎవరో చెన్నై ఆటగాడి దగ్గర మూడు మేఘరథాలకు మార్పిడి చేయిస్తానన్న ఆ మహానుభావుడు కవచంతో సహా మాయమయ్యాడు. చెన్నై ఆటగాడూ మాయమే. ఇద్దరూ ఒకడే అని ఇప్పుడు మీకూ నాకూ తెలుసు.

కవచం పోయినందుకు కాదు ఆమె కడుపు మండేది. “తనే అమ్ముకోని మనకు కథ చెప్తా ఉండాది” అని రూపశ్రీ అందరి ముందూ అనేసింది. ఆ మాట ఆటగాళ్ళ గుంపులన్నిటికీ పాకింది. మూడు రోజులుగా జాహ్నవి ఫోన్ తెరిస్తే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా దొంగ అంటున్నారు. ఈ సాయంత్రం ఐదింటిలోగా తాను దొంగను కానని చూపించలేకపోతే జట్టులోంచి పేరు కొట్టేస్తామని కబురు పెట్టారు. ఏడాది కష్టం, ఇద్దరు స్నేహితురాళ్ళు, మంచిపేరు, మూడూ ఒక్కసారిగా పోతాయి.

సరిగ్గా అప్పుడే ఆ మాయగాడి దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. ‘మీ కవచం మా వద్ద భద్రంగా ఉంది. ఖాతా మీదేనని నిర్ధారణ కోసం మీ ఫోన్‌కు ఆరంకెల నంబరు వస్తుంది. చెప్పగలరు.’

“సిగ్గు ల్యాదు వీనికి!” అంది జాహ్నవి పైకే. “ఇంట్లో సామాను దోసుకోని పోయి, తిరిగొచ్చి తాళంచెవి అడగతా ఉండాడు.”

అన్న ధర్మేంద్ర అప్పుడే నిమ్మరసం గ్లాసులతో లోపలికొచ్చాడు. ముప్పై ఏళ్ళు నిండబోతున్నాయి. రేపోమాపో మండీ చూసుకోవలసినవాడు. గ్లాసు చెల్లెలి ముందు పెట్టి, “పోతే పోయిందిలే జానూ. ఆటబొమ్మే గదా. దానికెందుకు మొగం మాడ్చుకుంటావు?” అన్నాడు. ఆమె గ్లాసు ముట్టలేదు. “బెంగళూరు లారీ లోడు సూసుకోని వస్తా నాయనా” అని వెళ్ళిపోయాడు.

గంగాధరం తువ్వాలుతో మెడ తుడుచుకుని కూతురి వైపు తిరిగాడు. బయట సీజన్ జోరు మీద ఉంది. బేనీషా మామిడి రాశులు, తోతాపురి కాయల ట్రాక్టర్లు, హమాలీల కేకలు. అయినా ఆయనకు కూతురి మొహం చూస్తే వేలంపాట మీద మనసు నిలవడం లేదు.

“నాకొకటి సెప్పు పాపా. మొగం సూడని మనిసికి, ఊరు తెలీని మనిసికి సరుకు ఎట్ల ఇచ్చినావు? మండీ ఇంట్లో పుట్టినదానివి గదా!”

“మండీ ఇంట్లో పుట్టినందుకే ఇచ్చినాను నాయనా.”

“ఏందే ఆ మాట?”

అంతవరకూ తనకే స్పష్టంగా తెలియని సంగతి ఆమె నోట్లోంచి దానంతటదే బయటికొచ్చింది. “రైతు తెల్లార్తో ట్రాక్టరు తోలుకోని వస్తాడు. ముందు సరుకు దించుతాడు. ఆ తరవాతే గదా పాట? కొనేదెవురో తెలీదు, రేటెంతో తెలీదు. అయినా దించుతాడు. ఏమంటే, మధ్యలో నువ్వుండావని. పుట్టినప్పట్నుంచి నేను సూసింది అదే. ఆటలో మార్పిడికి ఒక కిటికీ ఉండాది నాయనా. ఇద్దురూ ఎవురి వస్తువు వాళ్ళు ఆడ పెట్టి, ఇద్దురూ సరే అని నొక్కితేనే చేతులు మారుతాయి. వాడేమో, ‘ఆ కిటికీ ఈ రోజు మొరాయిస్తా ఉంది, నాకు కానుకగా పంపించెయ్, మధ్యలో నేనుండాను గదా’ అన్నాడు. మధ్యలో మనిసి అనేతలికి నాకు భయమే పోయింది. రూపశ్రీ అయితే పంపదు. ఐశ్వర్య అయితే అసలే పంపదు. మండీ పిల్ల గాబట్టే సరుకు దించేసినాను.”

 తిడదామని నోరు తెరిచిన గంగాధరం ఆ తిట్టు మింగి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు. కూతురు అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

“రైతు నా మొగం సూసి దించడు పాపా” అన్నాడు చివరికి, నిదానంగా. “ఈ రేకుల షెడ్డును సూసి దించుతాడు. నేను ఎగ్గొట్టి యాడికి పోతాను? షెడ్డు నెత్తిన పెట్టుకోని పోలేను గదా. మా నాయన కాలం నుంచి ఈడనే ఉండాము. ఇల్లు ఈడ, సుట్టాలు ఈడ, పేరు ఈడ. మధ్యలో ఉండేవాడు పారిపోతే వానికేం పోతుందో ముందు అది సూసుకోవల్ల. మీ పెద్దమనిసికి ఏం పోయింది?”

“నాలుగు దినాల కిందట తెరిసిన ఖాతా. అంతే” అంది జాహ్నవి. గుంపులో మూడేళ్ళుగా అందరికీ నమ్మకంగా మార్పిడులు చేసి పెట్టే అసలు మధ్యవర్తి ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు, ఆయన బొమ్మ యథాతథంగా పెట్టుకుని వీడు దిగాడు. ఖాతా వయసు చూడడానికి ఒక్క నొక్కుడు చాలు. ఆ ఒక్కటీ ఆమె నొక్కలేదు.

“ఇంగ ఆ ఆట వద్దులే. ఫోను నాకిచ్చి ఇంటికి పో.”

“పోను.”

“పాపా!”

“పోను నాయనా. నేను మోసపోయినాను, దొంగతనం సెయ్యలేదు. మోసపోయినోళ్ళు ఇంట్లో దూరి తలుపేసుకుంటే, మోసం చేసినోడు బజార్లో మీసం తిప్పుకుంటా తిరుగుతాడు. నీ ఫోను ఇట్లియ్.”

ఆ గొంతు విన్నాక గంగాధరం ఫోన్ ఇచ్చేశాడు. ఇవ్వకపోతే లాక్కునేలా ఉంది మరి.

ఆమె చేసిన పని చిన్నదే. ఆటగాళ్ళ గుంపులో ఎవరైనా వచ్చి మాటలు వినగలిగే బహిరంగ గది ఒకటుంటుంది. నాయన ఫోన్‌తో ఆ గదిలోకి దూరి, రూపశ్రీకీ ఐశ్వర్యకూ ‘రండి. మైకులు ఆపుకోని వినండి. విన్నాక ఏం కొట్టేస్తారో కొట్టేయండి’ అని రాసింది. నాలుగు నిమిషాల్లో గదిలో మూడు వందల మంది చేరారు. ఎదుటివాడి పరువు పోతుందంటే జనానికి తీరిక దానంతటదే దొరుకుతుంది. తర్వాత తన ఫోన్‌లో మాయగాడికి జవాబు పెట్టింది. ‘పది నిమిషాల్లో ఫోన్ చేసి మాట్లాడితే నంబరు చెబుతాను. లేదంటే చిత్తూరు బస్సు ఎక్కుతా, సైబర్ పోలీసుల దగ్గరికి.’

ఏడో నిమిషంలో ఫోన్ మోగింది. జాహ్నవి స్పీకర్ పెట్టి, రెండు ఫోన్లూ పక్కపక్కన ఉంచింది.

“జాహ్నవి గారూ, నమస్కారమండీ. భద్రతా విభాగం నుంచి మాట్లాడుతున్నాం.” గొంతు మార్చే యాప్ ఏదో వాడుతున్నాడు. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టుంది ఆ గొంతు. “మీకిప్పుడొక నంబరు వచ్చి ఉంటుంది. చెప్పండి.”

నంబరు నిజంగానే వచ్చింది. దాని కింద ఉన్న వాక్యాన్ని ఆమె గట్టిగా, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చదివింది. “‘ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దు. మా సిబ్బంది కూడా మిమ్మల్ని అడగరు.’ మీరేమో అడగతా ఉండారే సార్?”

“అది మామూలు హెచ్చరిక అండీ. మీ మంచికే కదా అడిగేది.”

“నా మంచికా? అయితే ముందు మీరు దించండి. కవచం తెచ్చి మార్పిడి కిటికీలో పెట్టండి. నేను కళ్ళారా సూస్తా. సూసినాక మాట్లాడుకుందాం.”

“అలా కుదరదండీ. రూల్స్ ఒప్పుకోవు.”

“మొన్న నేను దించేటప్పుడు ఏ రూలూ అడ్డం రాలేదే! ‘కిటికీ మొరాయిస్తా ఉంది, కానుకగా పంపించెయ్’ అన్నది మీరు కాదా?”

అటువైపు విసుగు పెరిగింది. “చూడండి, టైమ్ లేదు. నంబరు చెబితే కవచం వస్తుంది, లేదంటే రాదు.”

“అంటే కవచం మీ దగ్గరే ఉండాది.”

“నా దగ్గర్నే ఉండాది! అయితే ఏమంట?” మర్యాద, ‘అండీ’లు, భద్రతా విభాగం అన్నీ ఒక్క దెబ్బకు ఎగిరిపోయాయి. గులకరాళ్ళ గొంతులోంచి అచ్చం ఈ ప్రాంతపు మాట బయటికొచ్చింది. “కానుక బటన్ నొక్కింది నువ్వు. నీ సేత్తో నువ్వే నాకిచ్చినావు. నేను అడిగినాను, నువ్వు ఇచ్చినావు. కంపెనీ వాళ్ళు కూడా ఏం సెయ్యలేరు. నిన్ను మీ జట్టోళ్ళే నమ్మలేదు, ఇంగ పోలీసోళ్ళు నమ్ముతారా? నోరు మూసుకోని నంబరు సెప్పు.”

నాయన ఫోన్ తెర మీద అక్షరాలు వరదలా కదిలాయి. ‘విన్నాం’, ‘ఒప్పుకున్నాడు’, ‘రికార్డు చేస్తున్నా’. వాటి మధ్యలో రూపశ్రీ రాసిన నాలుగు ముక్కలు. ‘జాహ్నవీ, తప్పు నాది. క్షమించు.’ ఆ మాట చదివేసరికి మూడు రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కళ్ళలోకొచ్చింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. వీడి ముందు ఏడ్చే ప్రసక్తే లేదు.

పేరు నిలబడింది. అక్కడితో ఫోన్ పెట్టేసినా గెలిచినట్టే. కానీ అప్పుడే బయట వేలంపాట పాడే వరదయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు, అరమైలు దాకా వినిపిస్తుంది.

“బేనీషా! ఇరవై నాలుగూ... ఇరవై నాలుగున్నరా... అయ్యల్లారా, కండ్లు తెరిసి సూడండి, కాయ పెండ్లికూతురి మాదిరి ఉండాది!”

కిటికీలోంచి ఆ కేక వచ్చింది. రెప్పపాటు తర్వాత అదే కేక వాడి వైపు నుంచి ఫోన్‌లోంచీ వచ్చింది. “...పెండ్లికూతురి మాదిరి ఉండాది!”

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  వాడు చెన్నైలో లేడు, హైదరాబాదులో లేడు, ఏ భద్రతా విభాగంలోనూ లేడు. ఈ మండీ ఆవరణలోనే ఉన్నాడు.

“ఏమే, సెప్తావా లేదా?” అన్నాడు వాడు.

జాహ్నవి లేచింది. నాయన ఫోన్ ఆయన చేతిలో పెట్టి, వెంట రమ్మని సైగ చేసింది. గొంతులోకి లేని భయం తెచ్చుకుంది. “సెప్తా, సెప్తా. కోప్పడొద్దు. నెమ్మదిగా సెప్తా, రాసుకో. నాలుగు.”

అసలు నంబరులో నాలుగే లేదు.

గడప దాటి ఎండలోకొచ్చింది. బేనీషా రాశుల చుట్టూ కొనుగోలుదారులు మూగి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఆమె ఒక్కొక్కరి పెదాలూ చూసుకుంటూ నడిచింది. ఎవరివీ ఫోన్‌లో మాటకు సరిపోలేదు.

“తరవాత?”

“ఆగు, కండ్లకు ఎండ కొడతా ఉండాది, కనబడలేదు... తొమ్మిది.”

కాటా దాటింది. హమాలీలు దారి ఇచ్చారు. వెనక గంగాధరం రెండు చేతులతో ఫోన్ పట్టుకుని, నిండు నీళ్ళ చెంబు మోస్తున్నవాడిలా వస్తున్నాడు. మూడో అంకె చెప్పి ఆమె వరదయ్య ముందు నిలబడి, నోటి మీద వేలు పెట్టుకుని చెయ్యెత్తింది. సావుకారు కూతురు సైగ చేస్తే వరదయ్య కాదంటాడా? పాట ఆపేశాడు. పాట ఆగేసరికి ఏమైందోనని మండీ మండీ అంతా నోరు మూసుకుంది. ఫోన్‌లో కూడా చప్పుడు ఆగిపోయింది.

“ఇంగా మూడు ఉండాయి. బిన్నా సెప్పు, టైమ్ లేదు” అన్నాడు ఫోన్‌లో. వాడి గొంతులో మొదటిసారి తడబాటు వినిపించింది.

జాహ్నవి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఒక్క అరుపు అరిచింది. “తోతాపురీ!”

ఆ అరుపు ఆవరణ చివర, గోడకు ఆనించి పేర్చిన ఖాళీ ట్రేల వెనక నుంచి పలికింది. ఆమె గొంతే, వేరే ఫోన్‌లోంచి. నంబరు చెబుతుంటే చెబుతున్నట్టే నొక్కడానికి వాడు ఫోన్‌ను మొహానికెదురుగా పెట్టుకుని, స్పీకర్ వేసుకుని ఉన్నాడు. మండీ గోలలో తనను ఎవరు వింటారులే అనుకున్నాడు.

ఆమె పరుగెత్తింది. పై వరస ట్రేలను రెండు చేతులతో లాగింది. అవి దబదబా కింద పడ్డాయి.

వెనక సందులో, చేతిలో ఇంకా వెలుగుతున్న ఫోన్‌తో, ధర్మేంద్ర నిలబడి ఉన్నాడు.

 జాహ్నవికి సైకిల్ నేర్పిన అన్న. పరీక్షలకు చిత్తూరు దాకా బండి మీద తీసుకుపోయిన అన్న. మొట్టమొదట ఆ ఆట తన ఫోన్‌లో వేసి ఇచ్చినవాడు కూడా వీడే. మూడు రోజులుగా తను అన్నం మానేస్తే, పక్కన కూర్చుని ‘ఆటబొమ్మే గదా’ అన్నాడు. ఇదే నోటితో ‘మీ జట్టోళ్ళే నిన్ను నమ్మలేదు’ అన్నాడు.

“జానూ...” అన్నాడు ధర్మేంద్ర. యాప్ లేని అసలు గొంతు. “గట్టిగా అరవొద్దు. అందురూ సూస్తా ఉండారు. ఒక ఆటబొమ్మ కోసరం అన్నను బజార్న పెడతావా?”

“ఆటబొమ్మ అయితే నువ్వెందుకు దొంగిలించినావు?”

ధర్మేంద్ర ఫోన్‌ను వెనక్కి దాచబోయాడు. గంగాధరం ఆయాసపడుతూ వచ్చి చేరాడు. కొడుకును చూశాడు, కొడుకు చేతిలో ఫోన్ చూశాడు. మనిషి ఒక్కసారిగా పదేళ్ళు పెద్దవాడైపోయాడు. ఆయన చేతిలోని ఫోన్‌లో బహిరంగ గది ఇంకా తెరిచే ఉంది. అందులోంచి రూపశ్రీ గొంతు ఆత్రంగా పలికింది. “జాహ్నవీ! దొరికినాడా? ఎవురే వాడు? పేరు చెప్పు! అందరం ఈడనే ఉండాం.”

గంగాధరం గబుక్కున తువ్వాలు తీసి ఆ ఫోన్‌కు చుట్టేశాడు. రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు.

“పాపా, నీ కాళ్ళు పట్టుకుంటా” అన్నాడు. “నీ కవచం నీకు ఇప్పిస్తా. వాని చెంపలు నేనే వాయిస్తా. ఇంట్లోంచి ఎల్లగొట్టమన్నా ఎల్లగొడతా. పేరొక్కటీ సెప్పొద్దు. గంగాధరం కొడుకు మధ్యలో నిలబడి సరుకు మింగినాడని తెలిస్తే, రేపట్నుంచి ఈ గేటు ముందర ఒక్క ట్రాక్టరు ఆగదు.”

జాహ్నవి కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. చెయ్యి చాపింది.

“మూడు దినాలు నా పేరును ఊరందురూ నమిలినారు నాయనా. అప్పుడు నువ్వు వాళ్ళను ఆపలేదు. ‘ఆట మానెయ్’ అని నన్నే ఆపినావు. ఫోను ఇట్లియ్.”

గంగాధరం వదల్లేదు. ఆమె ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది, మెత్తగా, నొప్పి పుట్టకుండా. తువ్వాలు కింద పడింది. వరదయ్య, హమాలీలు, ట్రాక్టర్ల మీద నుంచి రైతులు, అందరూ ఇటే చూస్తున్నారు. ఎవరూ దగ్గరికి రావడం లేదు.

“రూపశ్రీ” అంది జాహ్నవి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని. “వినబడతా ఉండానా?”

“వినబడతా ఉండావు. చెప్పు.”

ఆమె అన్న కళ్ళలోకి సూటిగా చూసింది. 

“వాడు నాకు తెలుసు” అంది.